బెరిత్: ఇరువైపులా బిగిసే ముడి

తెలుగు బైబిలు చేతికి తీసుకున్నవారికి మొదట కనిపించే మాటల్లో నిబంధన ఒకటి. పాత నిబంధన, కొత్త నిబంధన అంటూ పుస్తకం రెండు భాగాలైంది ఆ మాటతోనే. ఇప్పటి వాడుకలో నిబంధన అంటే రూలు. పరీక్ష హాలు గోడకు అంటించేది, బ్యాంకు కాగితం వెనక సన్నక్షరాల్లో ఉండేది. ధాతువు దగ్గరికి వెళ్తే అందులో వినిపించేది బంధం: కట్టడం, ముడివేయడం. హీబ్రూలోని బెరిత్ అనే పదానికి తెలుగులో నిలబడిన మాట ఇదే. ఒప్పందం, ఒడంబడిక, ప్రమాణం, పొత్తు అనే అర్థాలన్నీ ఆ చిన్న పదంలో ఇమిడి ఉన్నాయి.

యూదులు మాత్రం తమ గ్రంథాన్ని పాత నిబంధన అనరు. వారికి అది తనఖ్: తోరా, ప్రవక్తలు, ఇతర రచనలు కలిసిన సంపుటి. తమ ఒడంబడిక పాతబడిందన్న భావనే వారికి సమ్మతం కాదు. యూదమతం అనగానే ఏకేశ్వరారాధన గుర్తుకొస్తుంది. అది సగం సంగతి. దేవుడు ఒక్కడే అనడంతో ఆ మతం ఆగలేదు. ఆ దేవుడు ఒక జనానికి మాట ఇచ్చాడని, వారి దగ్గర మాట పుచ్చుకున్నాడని, ఆ మాటకు ఆయన కూడా కట్టుబడి ఉండాలని అంది. దేవుణ్ణి సైతం మాటకు కట్టే ఈ ధైర్యంలోనే యూదమతం ప్రత్యేకత ఉంది.

హీబ్రూలో ఒడంబడికను ‘చేసుకోరు’, ‘కోస్తారు’. కరత్ బెరిత్ అనే పదబంధానికి అర్థం అదే. ఎందుకో ఆదికాండం పదిహేనో అధ్యాయం చూపిస్తుంది. సంతానం లేని ముసలి అబ్రాహాము మూడేళ్ల పెయ్యను, మేకను, పొట్టేలును నడిమికి కోసి ముక్కలను ఎదురెదురుగా పేరుస్తాడు. గువ్వను, పావురాన్ని కోయకుండా ఉంచుతాడు. మాంసం మీదికి దిగే పక్షులను తోలుతూ సాయంత్రం దాకా కూర్చుంటాడు. పొద్దుగూకే వేళ గాఢనిద్ర కమ్ముతుంది. చీకట్లో పొగలు చిమ్మే కుంపటి, మండే దివిటీ ఆ ముక్కల నడుమ నుంచి సాగిపోతాయి.

ప్రాచీన పశ్చిమాసియాలో ఇలాంటి తంతుకు తెలిసిన అర్థం ఉంది: మాట తప్పినవాడికి ఈ పశువు గతే పడుతుందని. క్రీ.పూ. 8వ శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌నిరారి, అర్పాదు పాలకుడు మతిఇలుతో చేసుకున్న ఒప్పందం ఒక గొర్రెపిల్లను ఎదుట పెట్టుకుని ఆ మాటే చెబుతుంది. యిర్మీయా గ్రంథంలోనూ దూడను రెండుగా కోసి నడుమ నడిచి, ఆపైన మాట తప్పినవారి ప్రస్తావన ఉంది. సాధారణంగా ఆ శాపం తల మీద పెట్టుకోవలసింది చిన్నవాడు, లొంగినవాడు. అబ్రాహాము కథలో నడిచింది దేవుని సంకేతాలైన నిప్పూ పొగా. అబ్రాహాము నిద్రలో ఉన్నాడు. పెద్దవాడే శపథం తలకెత్తుకున్న ఈ దృశ్యాన్ని యూదులు ‘ముక్కల నడుమ నిబంధన’ అని పిలుచుకుంటారు.

ఈ ఊహకు మూసలు ఎక్కడివన్నది 20వ శతాబ్దపు పరిశోధనలో ఆసక్తికరమైన అధ్యాయం. నేటి తుర్కియేలోని హిట్టైట్ రాజధాని హత్తుషాలో మట్టిపలకల మీద రాసిన సంధిపత్రాలు దొరికాయి. వాటి కట్టుబడిని విక్టర్ కొరోషెత్స్ 1931లో విశదం చేశాడు. చక్రవర్తి మొదట తన పేరు చెప్పుకుంటాడు. తర్వాత సామంతుడికి గతంలో చేసిన మేళ్లు ఏకరువు పెడతాడు. ఆపైన షరతులు, పత్రాన్ని గుడిలో భద్రపరచి అప్పుడప్పుడు చదివించాలన్న ఏర్పాటు, సాక్షులుగా దేవతల పట్టిక, చివర దీవెనలూ శాపాలూ. అమెరికన్ పండితుడు జార్జ్ మెండెన్‌హాల్ 1954లో ఈ వరసను సీనాయి కొండ కథ పక్కన పెట్టి చూశాడు. పది ఆజ్ఞలకు ముందు దేవుడు తానెవరో చెప్పి, ఐగుప్తు బానిసత్వం నుంచి విడిపించిన సంగతి గుర్తుచేస్తాడు. షరతులు ఆ తర్వాతే. రాతిపలకలు నిబంధన మందసంలోకి చేరతాయి. ఏడేళ్లకొకసారి జనమంతా కూడినచోట ధర్మశాస్త్రం చదవాలని ద్వితీయోపదేశకాండం విధిస్తుంది.

ఇంకో పోలిక మరీ దగ్గరిది. 1955లో ఇరాక్‌లోని నిమ్రూద్ తవ్వకాల్లో అస్సీరియా చక్రవర్తి ఎసర్‌హద్దోను క్రీ.పూ. 672లో సామంతుల చేత చేయించిన ప్రమాణపత్రాలు బయటపడ్డాయి. తన తర్వాత సింహాసనం ఎక్కే కొడుకును ప్రేమించాలని, మాట తప్పితే నేల ఇనుమైపోతుందని, కంచు ఆకాశం నుంచి వాన రాలదని వాటిలో ఉంది. ద్వితీయోపదేశకాండంలో శాపాల జాబితా తెరిస్తే కంచు ఆకాశం, ఇనుప నేల అక్కడా ఎదురవుతాయి. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించాలన్న ఆజ్ఞలోని ప్రేమ కూడా సంధిపత్రాల భాషలో విధేయతకు పెట్టిన పేరేనని పండితుడు విలియం మోరన్ 1963లో చూపించాడు. నిబంధన భావన ఐగుప్తు నుంచి జనాన్ని నడిపించిన మోషే కాలానిదా, అస్సీరియా నీడలో యూదా రాజ్యం నలిగిన క్రీ.పూ. 7వ శతాబ్దానిదా అన్న చర్చ నేటికీ తెగలేదు. ఏది నిజమైనా ఒక సంగతి స్పష్టం. చుట్టూ ఉన్న సామ్రాజ్యాలు రాజుకు లొంగమని ప్రమాణం చేయిస్తుంటే, ఈ చిన్న జనం ఆ పత్రంలో రాజు ఉండవలసిన చోట దేవుణ్ణి నిలిపింది. అది రాజకీయంగా కూడా పెద్ద సాహసం. రాజులు సైతం ఆ పత్రానికి లోబడాలి. క్రీ.పూ. 622 ప్రాంతంలో యెరూషలేము దేవాలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు యోషీయా రాజు బట్టలు చింపుకొని, జనం ముందు దాన్ని చదివించి, తాను కూడా వారితోపాటు నిబంధనలో నిలబడ్డాడని రాజుల గ్రంథం చెబుతుంది.

బైబిల్లో నిబంధనలు అనేకం. దావీదు వంశానికి సింహాసనం, అహరోను సంతతికి యాజకత్వం కూడా ఒడంబడికలుగానే చెప్పబడ్డాయి. అన్నిటికంటే ముందుది, అన్నిటికంటే విశాలమైనది నోవహుతో జరిగింది. జలప్రళయం తీశాక దేవుడు మనుషులతోనే కాక పశుపక్ష్యాదులతోనూ మాట ముడివేసుకుని, ఇంద్రధనుస్సును గుర్తుగా పెట్టాడు. హరివిల్లు కనబడినప్పుడు ఆ మాటను మరవని దేవుణ్ణి కీర్తించే చిన్న ప్రార్థన యూదులు నేటికీ చెబుతారు. ఈ నిబంధన ఆధారంగానే, రబ్బీలనే మతగురువుల చర్చలను పొందుపరిచిన తాల్ముద్ గ్రంథపు పండితులు మానవులందరికీ ఏడు విధులు చాలన్నారు: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినడం, ఈ ఆరూ మానాలి, న్యాయస్థానాలు నెలకొల్పాలి. యూదులు మత ప్రచారానికి పెద్దగా పూనుకోకపోవడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతుంది. మంచివాడు కావడానికి ఎవరూ యూదుడు కానక్కర్లేదు.

అబ్రాహాముతో జరిగిన నిబంధన గుర్తు ఆకాశంలో లేదు, ఒంటి మీద ఉంది. తొంభై తొమ్మిదేళ్ల వయసులో అబ్రాహాము, పదమూడేళ్ల ఇష్మాయేలు సున్నతి పొందారని ఆదికాండం చెబుతుంది. అప్పటి నుంచి మగబిడ్డకు ఎనిమిదో రోజున చేసే ఆ కర్మకు బ్రిత్ మిలా అని పేరు. తూర్పు ఐరోపా యూదుల నోట అది బ్రిస్. ఎనిమిదో రోజు వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు అయినా, ఉపవాసపు మహాదినం యోమ్ కిప్పూర్ అయినా ఆగదు. మోహెల్ అనే నిపుణుడు కోస్తాడు. సందెక్ అనే గౌరవం పొందిన పెద్ద, తరచుగా తాతగారు, బిడ్డను ఒడిలో పెట్టుకుంటాడు. పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. అది ఏలీయా ప్రవక్తది. జనం నిబంధనను విడిచిపెట్టారని దేవుడి దగ్గర ఫిర్యాదు చేసినందుకు, ప్రతి సున్నతికీ వచ్చి కళ్లారా చూడవలసిన పని ఆయనకు పడిందని ఐతిహ్యం. బిడ్డ పేరు అందరి ముందు మొదట పలికేది ఆ ఘడియలోనే.

ఈ గుర్తు కోసం యూదులు ప్రాణాలు ఇచ్చారు. క్రీ.పూ. 167లో సెల్యూసిడ్ రాజు నాలుగో ఆంటియోకస్ సున్నతిని నిషేధించి, చేయించిన తల్లులను చంపించాడు. అతడి మీద మక్కబీలనే యూదు వీరుల తిరుగుబాటు, దాన్ని తలుచుకునే హనుక్కా పండుగ ఆ కాలానివే. రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కాలంలోనూ నిషేధం వచ్చింది. అయినా ఈ కర్మకు బిడ్డ ప్రాణం బలిపెట్టమని మతం అడగలేదు. బిడ్డ జబ్బుగా ఉంటే వాయిదా వేయాలి. ఇద్దరు అన్నలు సున్నతి వల్ల చనిపోతే మూడోవాడికి చేయరాదని తాల్ముద్ పండితులు తేల్చారు. సెప్ఫోరిస్ పట్టణంలో ముగ్గురు అక్కచెల్లెళ్ల పిల్లలు వరసగా చనిపోతే నాలుగో ఆమె బిడ్డకు వద్దన్న తీర్పు అందులోనే నమోదైంది. జబ్బు తల్లి వైపు నుంచి వస్తుందన్న గమనిక ఈ కథలో ఉంది. రక్తం గడ్డకట్టని హీమోఫిలియా గురించి దొరికే అతి పాత ప్రస్తావనల్లో ఇదొకటని వైద్య చరిత్రకారులు అంటారు. నిబంధన గుర్తు కంటే నిబంధనలోకి రావలసిన బిడ్డ ముఖ్యమన్నమాట.

మన కాలంలోనూ ఈ కర్మ వివాదమైంది. 2012లో జర్మనీలోని కొలోన్ కోర్టు ఒక ముస్లిం బాలుడి కేసులో మతపరమైన సున్నతి దేహానికి హాని చేయడమేనని తీర్పు ఇచ్చింది. యూదులూ ముస్లిములూ ఒక్కటై అభ్యంతరం చెప్పాక అదే ఏడాది డిసెంబరులో జర్మన్ పార్లమెంటు దాన్ని అనుమతిస్తూ చట్టం చేసింది. సున్నతి లేకుండా పేరు పెట్టే వేడుకతో సరిపెట్టే యూదు కుటుంబాలూ నేడు కొన్ని ఉన్నాయి.

అబ్రాహాము నిబంధన ఒక కుటుంబానిది. సీనాయి కొండ దగ్గర అది జనానిదైంది. మోషే నిబంధన గ్రంథం చదివి వినిపిస్తాడు. ముందు ఆచరిస్తామని, ఆ తర్వాత వింటామని జనం ఒక్క గొంతుతో ఒప్పుకుంటారు. బలి రక్తంలో సగం బలిపీఠం మీద, సగం జనం మీద చిలకరిస్తారు. రెండు పక్షాలకూ ఒకే రక్తం. ఇక అక్కడ నుంచి బతుకంతా షరతులే: సబ్బాతు విశ్రాంతి, తిండి, పంట పొలంలో పేదవాడి వాటా, పరదేశిని పీడించకూడదన్న హెచ్చరిక. తోరాలోని ఆజ్ఞలు 613 అని మూడో శతాబ్దపు రబ్బీ సింలాయి చెప్పిన లెక్క స్థిరపడింది. వాటిలో 365 చేయకూడనివి, 248 చేయవలసినవి.

మోయాబు మైదానంలో మోషే అదే నిబంధనను మళ్లీ చేయిస్తూ, అక్కడ నిలబడినవారితోపాటు అక్కడ లేనివారిని కూడా కలుపుతాడు. పుట్టబోయే ఆత్మలన్నీ, మతంలోకి రాబోయేవారితో సహా, సీనాయి దగ్గర హాజరయ్యాయని రబ్బీలు వ్యాఖ్యానించారు. తాతలు చేసిన సంతకం మనవలను ఎలా కట్టగలదన్న ప్రశ్నకు వారి జవాబు అది.

‘దేవుడు ఎన్నుకున్న జాతి’ అన్న మాట బయటివారికి గర్వంగా వినిపిస్తుంది. గ్రంథం లోపలికి వెళ్తే ఎన్నిక అంటే ఎక్కువ బరువు. మిమ్మల్నే ఎరిగాను గనుక మిమ్మల్నే శిక్షిస్తానన్న అర్థంలో ఆమోసు ప్రవక్త మాట్లాడతాడు. లేవీయకాండం, ద్వితీయోపదేశకాండాల్లోని శాపాల భాగం వచ్చినప్పుడు సమాజమందిరంలో చదివేవారు గొంతు తగ్గిస్తారు. ఆ మాటలు పైకి అనడానికే భయం. క్రీ.పూ. 586లో బాబిలోను సైన్యం యెరూషలేమును కాల్చినప్పుడు ప్రవక్తలు దేవుడు ఓడిపోయాడని అనలేదు. నిబంధన పత్రంలో ముందే రాసి ఉన్నది జరిగిందన్నారు. ఓటమిని అలా అర్థం చేసుకోవడం వల్లనే దేశం పోయినా మతం మిగిలింది.

ఒప్పందమన్నాక ఇష్టం ఉండాలి. తాల్ముద్ పండితులు ఈ చోటనే తమ గ్రంథాన్ని నిలదీశారు. జనం కొండ కింద నిలిచారని నిర్గమకాండం చెబుతుంది. ‘కింద’ అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకుని రబ్బీ అవ్దిమి, దేవుడు సీనాయిని గంగాళంలా వారి తల మీద బోర్లించి, ఒప్పుకుంటే సరి, లేకుంటే ఇక్కడే సమాధి అన్నాడని వివరించాడు. అలా అయితే బలవంతపు ఒప్పందం చెల్లదు కదా అని ఇంకో రబ్బీ వెంటనే అడ్డు తగిలాడు. దానికి మరో పండితుడు రవా ఇచ్చిన జవాబు అద్భుతం: పర్షియాలో యూదుల్ని కాపాడిన రాణి ఎస్తేరు కాలంలో యూదులు మనసారా మళ్లీ ఒప్పుకున్నారు. ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు. ఉరుములూ లేవు, కొండా లేదు. ఎవరూ బెదిరించని చోట, దేవుడు కనబడని కాలంలో చేసిన అంగీకారమే నిజమైన అంగీకారమని ఆ పండితుల తీర్పు.

మాట ఇచ్చినవాడిని అడిగే హక్కు కూడా నిబంధనతోనే వస్తుంది. దేవుడు నాశనం చేయబోయిన సొదొమ పట్టణం కోసం అబ్రాహాము యాభై మందితో మొదలుపెట్టి పదిమంది దాకా బేరమాడతాడు. జనం బంగారు దూడను పూజించిన తప్పు తర్వాత మోషే దేవుడికే పాత ప్రమాణం గుర్తుచేస్తాడు. ఇప్పటి యుక్రెయిన్‌లోని బెర్దీచివ్ పట్టణంలో ఉండిన హసీదీ గురువు లేవీ ఇస్సాకు (1740–1809) తన జనం బాధల మీద దేవుడితో వాదులాట పెట్టుకున్నవాడిగా ప్రసిద్ధుడు. ఆ వాదన భక్తికి లోపమని యూదులు ఎన్నడూ అనుకోలేదు.

వ్యాజ్యంలాగే పెళ్లి కూడా నిబంధనకు పోలిక. క్రీ.పూ. 8వ శతాబ్దపు హోషేయ ప్రవక్త ఇశ్రాయేలును తప్పిపోయిన భార్యగా, దేవుణ్ణి ఆమెను తిరిగి వరించే భర్తగా చిత్రించాడు. తోరా అందిన రోజుగా జరుపుకునే షవువోత్ పండుగకు 16వ శతాబ్దపు కవి ఇశ్రాయేలు నజారా ఒక పెళ్లి పత్రమే రాశాడు. వధువు జనం, వరుడు దేవుడు. స్పెయిన్ మూలాల సెఫర్దీ సమాజాలు దాన్ని నేటికీ చదువుతాయి. పొద్దున ప్రార్థనలో చేతికి కట్టుకునే తెఫిల్లిన్ తోలు పట్టీని మధ్యవేలికి మూడు చుట్లు చుడుతూ పలికేవి హోషేయ చెప్పిన ఆ నిశ్చితార్థపు మాటలే.

యిర్మీయా గ్రంథంలో గుండె మీద రాసిన కొత్త నిబంధన వస్తుందన్న వాగ్దానం ఉంది. దారులు చీలింది ఇక్కడే. యూదులు దాన్ని అదే ఒడంబడిక మళ్లీ బలపడటంగా చదివారు. మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్‌లో గ్రంథాల చుట్టలు దాచుకున్న సమాజం నిబంధనను ఏటేటా కొత్త చేసుకుంటూ, కొత్త సభ్యులను ఆ వేడుకలోనే చేర్చుకునేది. క్రైస్తవులు ఆ వాగ్దానం యేసులో నెరవేరిందన్నారు. పాతది చెల్లిపోయిందని, యూదుల స్థానం చర్చికి వచ్చిందని శతాబ్దాల పాటు బోధించారు. ఐరోపాలో యూదులు పడిన అవమానాలకు ఆ బోధ చాలా బలం ఇచ్చింది. ఈ మాట దాచకుండా చెప్పాలి. 1965లో కాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ ప్రకటన ఆ ధోరణిని మార్చడం మొదలుపెట్టింది. 1980 నవంబరులో జర్మనీలోని మైంజ్ నగరంలో పోప్ రెండో జాన్ పాల్, దేవుడు యూదులతో చేసిన నిబంధనను ఎన్నడూ రద్దు చేయలేదని చెప్పారు.

ఆధునిక యూదులందరూ ఈ ముడిని ఒకేలా పట్టుకోలేదు. ఆమ్‌స్టర్‌డామ్ యూద సమాజం 1656లో వెలివేసిన తత్వవేత్త స్పినోజా, 1670లో అచ్చయిన తన గ్రంథంలో మోషే ధర్మం ఆ రాజ్యానికి చట్టమని, రాజ్యం పోయాక దాని కట్టు కూడా పోయిందని వాదించాడు. రబ్బీ జోసెఫ్ సోలొవైచిక్ 1956లో రెండు నిబంధనల గురించి మాట్లాడాడు. ఐగుప్తులో కలిసి బాధపడినందువల్ల వచ్చింది ఒకటి, దాన్ని ఎవరూ ఎంచుకోరు. సీనాయిలో కోరి తలకెత్తుకున్న లక్ష్యం రెండోది. అరవై లక్షల మంది యూదులను నాజీలు చంపిన తర్వాత నిబంధనకు ఏం మిగిలింది? రబ్బీ ఇర్వింగ్ గ్రీన్‌బర్గ్ 1982లో చాలా కఠినమైన జవాబు ఇచ్చాడు. ఇక దేవుడు ఆజ్ఞాపించే స్థితిలో లేడని, యూదులు తామంతట తామే ఆ బాధ్యత ఎత్తుకున్నారని. సీనాయి ముందు స్త్రీ దగ్గరికి వెళ్లవద్దని మోషే మగవారితోనే మాట్లాడిన సంగతిని పట్టుకుని యూదు స్త్రీవాద పండితురాలు జూడిత్ ప్లాస్కో 1990లో స్త్రీలు ఎక్కడ నిలబడ్డారని అడిగింది. ఆడపిల్లలకు నిబంధనలోకి ఆహ్వానం పలికే వేడుకలు నేడు అనేక సమాజాల్లో ఉన్నాయి.

పుట్టుకతో రానివారి మాటేమిటి? పన్నెండో శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్‌ను యూదమతం స్వీకరించిన ఓబద్యా అనే వ్యక్తి, ‘మా పితరుల దేవా’ అని తాను ప్రార్థించవచ్చా అని అడిగాడు. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పమని, అబ్రాహాము నీకూ తండ్రేనని ఆయన రాసి పంపాడు. ఇన్ని శతాబ్దాల తర్వాత చదివినా కదిలించే ఉత్తరం అది.

మన దేశంలో కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీలు హీబ్రూ చదువు మరిచిపోయిన రోజుల్లోనూ రెండు గుర్తులను వదల్లేదు: ఎనిమిదో రోజు సున్నతి, సబ్బాతు విశ్రాంతి. నూనె గానుగ ఆడే ఆ కుటుంబాలు శనివారం పని మానేసేవి గనుక చుట్టుపక్కల వారు వారిని ‘శనివార్ తేలీ’లని పిలిచారు. తెలుగు నేల మీద కూడా ఈ ముడిని తమదిగా చెప్పుకునేవారున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం పేరుతో దళిత కుటుంబాల చిన్న సమాజం ఒకటి, తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయీం వారమని చెబుతూ సబ్బాతు, యూదు పండుగలు పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటోంది. వారి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. ఈశాన్య భారతంలోని బ్నెయ్ మెనాషేలను ఇశ్రాయేలు సంతతిగా 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరు గుర్తించారు. కొత్తరెడ్డిపాలెం వారికి అలాంటి గుర్తింపు రాలేదు.